కారులో ఎందరు

హైవే మీది ఎక్స్‌ప్రెస్ లేన్ టోల్ ఖాతా ఆమె ఫోన్ నంబరు మీద ఉంది. భర్త రాత్రి డ్యూటీకి వెళ్తూ ఆ లేన్ ఎక్కగానే మెసేజ్ వస్తుంది. కారులో ఒక్కరే ఉంటే పూర్తి టోల్, ఇద్దరుంటే సగం, ముగ్గురుంటే ఉచితం. మనుషుల్ని లెక్కపెట్టేది కెమెరా.

పది రోజులుగా సగమే పడుతోంది.

"ఎవరండీ ఆవిడ?" అని చివరికి అడిగేసింది.

"ఏ ఆవిడ? ఆ కెమెరాకి మెల్లకన్నేమో! సగం మిగిలిందని సంతోషించక, ఏమిటీ గోల?"

ఆమెకు ఒళ్లు మండిపోయింది. కారులో అతని పక్కన తాను కూర్చునే సీటంతా వెతికింది. వెంట్రుక కాదు కదా, పౌడరు మరక కూడా దొరకలేదు. ఎంత జాణ!

ఆ రాత్రి అతనికంటే ముందే వెళ్లి తన సీట్లో కూర్చుంది. "నేనూ వస్తున్నా. ఇవాళ ఆవిడ ఎక్కడ కూర్చుంటుందో చూస్తాను."

అతను కారు స్టార్ట్ చేశాడు. దారిలో ఎక్కడా ఆగలేదు, ఎవరూ ఎక్కలేదు. లేన్‌లో వాళ్ల కారు ఒక్కటే ఉంది. టైర్ల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడటం లేదు. కెమెరాల కింద నుంచి కారు సాగిపోగానే ఆమె ఒళ్లో ఫోన్ మోగింది.

"మనుషులు: ముగ్గురు. టోల్ లేదు."

భర్త వైపు చూసింది. అతను వెనక సీటు కనబడేలా పైనున్న అద్దాన్ని కాస్త వంచుకుని, అందులోకి చూస్తూ నవ్వుతున్నాడు. పెళ్లయిన కొత్తలో తనను చూసి నవ్విన నవ్వు అది.

"చలేస్తోందా?" అన్నాడు మెల్లగా.

అడిగింది ఆమెను కాదు.