లోపలి గదికి ఒక వైరు

తలుపు తీసేసరికి ఎదురుగా ఒక కుర్రాడు.

ఇరవై ఏళ్లుంటాయేమో. భుజాన సంచీ, చేతిలో చుట్ట చుట్టిన నల్ల వైరు.

"డిష్ చూడ్డానికొచ్చాను, అమ్మాయీ" అన్నాడు.

కోడలికి ఒళ్లు మండింది. నలభైకి దగ్గరపడుతున్న తనను అమ్మాయీ అనడానికి వీడెవడు? కానీ టీవీ రాక ఇల్లంతా చిరాగ్గా ఉంది. మెకానిక్‌ని పంపిస్తానని భర్త పొద్దున్నే చెప్పి వెళ్లాడు. గొడవెందుకులే అని, అతను కొని ఉంచిన, డిష్ ముందు బిగించి వైరు తగిలించే కొత్త ఎల్‌ఎన్‌బి డబ్బా తెచ్చి చేతిలో పెట్టింది.

కుర్రాడు మూత తీసి చూశాడు.

"దీనికి ఒక్క వైరే తగులుతుంది. పనికిరాదు."

"మేం చూసేది ఒక్క టీవీయే."

"లోపలి గదిలో ఇంకోటి ఉందిగా."

కోడలు ఉలిక్కిపడింది. లోపలి గది తలుపు దగ్గరగా వేసే ఉంది.

ఆ గదిలో మంచం మీద అత్తగారు, ఎదురుగా గుడ్డ కప్పిన పాత టీవీ, దాని డిష్ బాక్సు. పక్షవాతంతో ఆవిడ మాట పడిపోయాక, మాట్లాడని మనిషికి టీవీ ఎందుకని ఆ వైరు పీకేసి హాల్లో కొత్తదానికి తగిలించారు.

"రెండు వైర్లు తగిలేదే వెయ్యాలి." కుర్రాడు సంచీలోంచి ఇంకో ఎల్‌ఎన్‌బి తీశాడు. "మీరు చూసేది మీరు చూసుకోండి. ఆవిడకి కావలసింది ఆవిడ చూసుకుంటుంది."

"ఆవిడకి ఏది పెట్టినా ఒకటే."

"అడిగారా?"

అడక్కేం, ఈ ఇంట్లో అందరూ అడుగుతూనే ఉంటారు. "కాఫీ తాగుతారా అత్తయ్యా? తాగుతార్లెండి." "కిటికీ వెయ్యనా అమ్మా? వేసేస్తాలే." అడిగేదీ వాళ్లే, జవాబు చెప్పేదీ వాళ్లే! అడిగినవాళ్లు ఆగితేనే ఆవిడ నోట మాట వస్తుందని, జబ్బు చేసిన ఏడాదిలోపు రాకపోతే ఇక రాదని డాక్టరు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. ఏడాది కావస్తోంది. ఆగే తీరిక ఎవరికీ దొరకలేదు.

కుర్రాడు మేడ మెట్లెక్కాడు.

కాసేపటికి లోపలి గది కిటికీలోంచి వైరు జారుతూ దిగింది. వెనకే కేక.

"పాత బాక్సుకి తగిలించు, అమ్మాయీ!"

గుడ్డ తీసి, వైరు తగిలించి, టీవీ పెట్టింది. తెర మీద నీలం రంగు తప్ప ఇంకేం లేదు.

"వచ్చిందా?"

"రాలేదు!" కోడలు అరిచింది.

"నువ్వు కాదు. మంచం మీద ఉన్నవాళ్లు చెప్పాలి."

"ఆవిడకి మాట రాదు బాబూ!"

"తొందరేం లేదు. ఆగుతాను."

అప్పుడే ఫోన్ మోగింది. భర్త.

"మెకానిక్ దొరికాడోయ్. ఇప్పుడే బయల్దేరుతున్నాం."

"దొరకడమేమిటి? మీరు పంపినతను పైనే ఉన్నాడుగా!"

"నేనెవర్నీ పంపలేదే!" అతని గొంతు మారిపోయింది. "మేడ తలుపు గడియ పెట్టెయ్. మేం వచ్చేస్తున్నాం."

పరుగున వెళ్లి గడియ పెట్టింది. తలుపుకి చెవి ఆనించింది. మనిషి తిరుగుతున్న అలికిడే లేదు. గొంతు మాత్రం కిందికి దిగుతోంది.

"వచ్చిందా, అక్కా?"

ముసలావిణ్ణి పట్టుకుని అక్కా అంటాడేమిటి వీడు!

కోడలు గదిలోకి తిరిగొచ్చింది. బయట మబ్బు పట్టింది. గదిలో చీకటి పడింది.

"వచ్చిందా, అక్కా?"

విసుగు లేదు, తొందర లేదు. అదే గొంతు, మళ్లీ మళ్లీ. ఎవరినైనా పిలుద్దామని కోడలు వీధివైపు తిరిగింది.

"రా… లేదు."

అక్కడే ఆగిపోయింది. మాట వచ్చింది మంచం మీదినుంచి.

"ఎటు తిప్పను?" పైనుంచి గొంతు.

"కు… కుడి." అత్తగారి వేళ్లు దుప్పటిని నలిపేస్తున్నాయి. "ఇంకొం…" ఠక్కున ఆగింది. ఆవిడ కళ్లనిండా భయం. "వద్దు… వంగకురా!"

"వంగట్లేదులే, అక్కా. చూసి చెప్పు."

తెర ఒక్కసారి వణికింది. బొమ్మ నిలబడింది.

"వచ్చింది!" అంది అత్తగారు. వీధిలోకి వినపడేంత గట్టిగా అంది. "వచ్చిందిరా, వచ్చింది!"

పైన ఎవరో తృప్తిగా నవ్వినట్టయింది. ఆ తర్వాత చప్పుడు లేదు.

భర్త, మెకానిక్ వచ్చేసరికి కోడలు అత్తగారి చెయ్యి పట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది.

మేడ తలుపుకి గడియ పెట్టింది పెట్టినట్టే ఉంది. తీసి చూస్తే మేడ మీద పురుగైనా లేదు. దూకి పారిపోదామన్నా మూడంతస్తుల ఎత్తు. డిష్‌కి రెండు వైర్ల ఎల్‌ఎన్‌బి శుభ్రంగా బిగించి ఉంది.

"చెయ్యి తిరిగినవాడే బిగించాడండీ. ఇక నాకేం పని?" అంటూ మెకానిక్ ఎందుకో గబగబా దిగిపోయాడు.

"మంచినీళ్లయినా ఇవ్వలేదండీ" అంది కోడలు. "దొంగని బంధించినట్టు బంధించాను."

భర్త తల్లి పక్కన కూర్చున్నాడు.

"ఎవరమ్మా అతను?"

అడిగి, ఊరుకున్నాడు. ఆవిడ పెదవులు కదిలి, ఆగి, మళ్లీ కదిలేదాకా అలాగే కూర్చున్నాడు.

"నా తమ్ముడు" అంది ఆవిడ చాలాసేపటికి. "నా పెళ్లికి ముందు… టీవీ ఏరియల్ తిప్పడానికి మేడెక్కాడు… బొమ్మ వచ్చిందని నేను అరిచేలోపే పడిపోయాడు… పాపం, ఆ మాట వినకుండానే పోయాడు."