పూడని గొయ్యి

నిటారు కొండవాలు మీద అడవి నేలంటే పిడికెడు మట్టికి తట్టెడు గులకరాళ్లు. ఆ నేల తీరు చూడ్డానికి తవ్విన గొయ్యి పూడ్చనిదే మట్టి పరీక్షలవాడు కొండ దిగడు. చీకటి పడింది. తోడొచ్చిన బావ గోతికి దిగువన నిలబడి టార్చి పట్టాడు.

తవ్విన మట్టి గుల్లబారుతుంది; తిరిగి పోస్తే ఎప్పుడూ కాస్త మిగలాలి. ఇవాళ కుప్పంతా పోసినా గొయ్యి నిండలేదు. మోకాలి లోతులోనే బండ తగిలిన గొయ్యి అది!

"ఇన్ని రాళ్లూ ఎవరి కడుపులోకి పోతున్నాయి బావా?"

"నీ చాదస్తం తగలెయ్య! పక్కనున్నవి లాగి పొయ్యి. ఆకలి దంచేస్తోంది."

ఒక పారెడు పోశాడు. రాళ్లు గలగలా దిగాయి. వెంటనే అడుగునుంచి, బండమీద పార గీకినట్టు చప్పుడు. మరో పారెడు పోశాడు. మళ్లీ గీకింది. అతను ఆగాడు. అదీ ఆగింది. కీచురాళ్లు కూడా నోరు మూసుకున్నాయి.

"బావా, మెల్లగా ఇటొచ్చెయ్."

"ఎందుకురా?"

అతను పార కింద పెట్టేశాడు. అయినా అడుగున గీకుడు మొదలైంది. ఈసారి ఆగకుండా, తొందర పనిలో ఉన్నట్టు.

టార్చి వెలుగు కిందికి తిరిగింది. బావ చెప్పుల కింది గులకరాళ్లు ఒక్కొక్కటే దొర్లుతున్నాయి. పల్లానికి కాదు. ఎగువకు, గోతిలోకి.