లొరేన్ కారుకు కొత్త ఇంజను

డెట్రాయిట్ శివారులోని తన షెడ్డులో, చనిపోయిన భార్య లొరేన్ పాత కారుకు ఎర్విన్ కొత్తకాలపు ఇంజను బిగించాడు. పాతది మూలన గొలుసుకు వేలాడుతోంది.

"దాని గుండె పీకేశావు కదరా! లొరేన్ దెయ్యమై వచ్చి నీ పని పడుతుంది, చూస్కో," అని నవ్వి స్నేహితుడు డ్వేన్ ఇంటికి వెళ్ళిపోయాడు.

ఎర్విన్ కూడా నవ్వాడు గానీ, ఆ మాట గుచ్చుకుంది. బతికున్నన్నాళ్ళూ ఆ కారు నడిపింది ఆవిడే. ఈ మార్పుకు ఒప్పుకునేదా?

దీపం ఆర్పబోతే మూలనుంచి టిక్, టిక్‌మని చప్పుడు వచ్చింది. దూరం వెళ్ళొచ్చిన ఇంజను చల్లారుతూ చేసే చప్పుడది. పాతదాని మీద చెయ్యి వేశాడు. వెచ్చగా ఉంది.

"ఎక్కడ తిరిగొచ్చావే లొరేన్?" అన్నాడు మెల్లగా.

వెనక, బ్యాటరీ ఇంకా పెట్టని కారులో కొత్త ఇంజను తనంతట తనే హాయిగా స్టార్టయింది. ఆవిడ నడుపుతుంటే పక్కన అతను కూర్చునే వైపు తలుపు తెరుచుకుంది.

ఎర్విన్ టోపీ పెట్టుకున్నాడు.