గేటు పలికే పేరు

ప్రతి కుక్క మెడ చర్మం కిందా చిప్ ఉండి తీరాల్సిన రోజులవి. పొద్దున్నే షికారు నుంచి తిరిగిరాగానే వీధి గేటు ఆ చిప్ చదివి, "బొగ్గు. యజమాని పైడిరాజు" అనేది. ఆయన పోయి మూడు నెలలైనా, ఆ పేరు వింటేనే బొగ్గు లోపలికి పరుగెత్తేది.

పోయినవాళ్ల పేరున కుక్క ఉండకూడదు. పేరు మార్పించే గడువు దాటితే కుక్కల బండివాళ్లు పట్టుకుపోతారు. చివరి రోజున సన్యాసమ్మ బొగ్గుని వెంటబెట్టుకుని వార్డు ఆఫీసుకెళ్లింది.

"ఇన్నాళ్లూ ఎవరి పేరునుంది మామ్మా?" అని గుమాస్తా అమ్మాయి అడిగింది.

"మా ఇంటాయన పేరునమ్మా."

"ఆ పేరు మీ నోటితో చెప్పాల."

నలభై ఏళ్ల కాపురంలో సన్యాసమ్మ మొగుడి పేరు పలికి ఎరగదు. తల వంచుకుని మరణ పత్రం ముందుకు జరిపింది.

"సర్లే మామ్మా, ఆ పేరు నేనే తీసేసి మీ పేరు ఎక్కిస్తాను."

ఇంటికొచ్చేసరికి గేటు, "బొగ్గు. యజమాని సన్యాసమ్మ" అని తెరుచుకుంది. బొగ్గు కదల్లేదు. చెవులు నిక్కించి గేటుకేసే చూస్తూ కూర్చుంది.

"నడు నాన్నా, ఇంటికెల్దాం," అని సన్యాసమ్మ బతిమాలింది. గొలుసు పట్టి లాగినా లేవలేదు.

చివరికి దాని పక్కనే చతికిలబడి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, నోటికి చెంగు అడ్డం పెట్టుకుని దాని చెవిలో అంది.

"పైడిరాజు."

బొగ్గు తోకాడించుకుంటూ లోపలికి పరుగెత్తింది. సన్యాసమ్మే లేవలేకపోయింది.