నేలపిల్ల

"ముందు రేవులో నీ పెళ్ళాన్ని దింపెయ్, జాఫీ," అంది మా అత్త, తెడ్డు పట్టుకున్న కొడుకుతో. "సముద్రం మీద బతికే మన వెజోలకు కోడలైతే అయింది గానీ, నేలపిల్ల. చేపల కాలమంతా దీవిలో ఏం చేస్తుంది, ఆవులు కాస్తుందా?"

నాకు దిగాలని లేదు. మా ఆయన రేవు వైపే తెడ్డు వేస్తున్నాడు.

అంతలో గాలి విసురుగా కొట్టింది. తెరచాప ఉబ్బి పడవ ఒక పక్కకు ఒరిగింది. ఎవరూ చెప్పకముందే నేను రెండో పక్కకు పాకి, పక్కన నీళ్ళలో తేలే దుంగను పడవకు కలిపే కర్ర మీద బరువు వేసి కూర్చున్నాను. పడవ నిలదొక్కుకుంది.

"కళ్ళు మూసుకోకే," అని నవ్వింది అత్త. "నేను మొదటిసారి ఆ కర్రను కావలించుకుని ఏడ్చాను."

"మీరా, అత్తయ్యా?"

"మా నాన్నకు ఆవుల మంద ఉండేది. పెళ్ళయ్యేదాకా సముద్రం మొహమే చూడలేదు నేను."

జాఫీ తెడ్డు వదిలేసినంత పని చేశాడు. "మరి మనం పుట్టుకతో వెజోలమన్నావు?"

"పడవను నిలబెట్టినవాళ్ళే వెజోలురా. నీ పెళ్ళాం ఇవాళ వెజో అయింది. నువ్వలా నోరు తెరుచుకుని పడవను బోల్తా కొట్టించావంటే, ఇవాళ్టికి నేలవాడివి నువ్వే. దీవి వైపు తిప్పు."