గోధుమ రంగు మార్కరు

"కొత్తగా నేర్చుకునేటోళ్లకు ఈ పిరమైన మార్కర్లు అక్కరకొస్తయా అన్నా?"

ఎల్లారెడ్డిలోని నా స్టేషనరీ దుకాణం ముందు నిలబడి గుల్నాజ్ అడిగింది. ఎండకు కట్టుకున్న స్కార్ఫు ముఖం మీద నుంచి తియ్యనేలేదు.

"నడక రాని పోరనికి బుల్లెట్ బండి కొనిస్తరా చెల్లె? స్కెచ్ పెన్ను తీస్కపో," అన్నాను.

"అది కొన్న. నిలుస్తలేదు. రేపు కామారెడ్డిల చీరల దుకాణంల పనికి చేరాలె. అప్పటికల్లా చెయ్యి కుదరకుంటే పని పోతది."

"చీరలమ్మెటానికి బొమ్మలెందుకు? సేటు ముక్కు గీస్తవా ఏంది?"

ఆమె నవ్వలేదు. గోధుమ రంగు మార్కర్లన్నీ ఏరి, ఒక్కొక్కటే మూత తీసి తన మణికట్టు పక్కన పెట్టి చూసుకుంది. ఒకటి పక్కన పెట్టి, ఇంకోటి తీసి, మళ్లీ మొదటిదే చూసింది.

"చెమటకు పోతదా అన్నా?"

"కాగితానికి చెమటెక్కడిది తల్లీ!" పగలబడి నవ్వాను. "గంత భయమెందుకు? మొదట్ల అందరికీ తప్పయితది. తప్పయితే చింపి పారెయ్యి, ఇంకోటి తీసుకో. గంతే."

గుల్నాజ్ వెనక్కి తిరిగి చూసింది. బజార్లో ఎవరూ లేరు. మెల్లగా స్కార్ఫు విప్పింది.

పెదవుల చుట్టూ, చెంప దాకా తెల్లటి బొల్లి మచ్చ. దాని మీద స్కెచ్ పెన్నుతో పూసుకున్న రంగు చెమటకు కరిగి గడ్డం మీద చారలు కట్టింది.

"దుకాణంల ముఖం కప్పుకోవద్దన్నరు," అంది. "దీన్ని చింపి ఇంకోటి యాడ తెచ్చుకోవాలె అన్నా?"