ఎత్తి పట్టేది

గాజు పళ్లెం అడుగున మా తమ్ముడి కణాలు సన్నగా, బారుగా పరుచుకుని ఉన్నాయి.

వాడు పోయి చాలా కాలమైంది. జబ్బుతో ఉన్నప్పుడు ఆసుపత్రి వాళ్లు చిటికెడు చర్మం తీసి, అందులోని కణాలను గడ్డకట్టించి దాచారు. ఆ ఆసుపత్రి ల్యాబులోనే ఇప్పుడు నా ఉద్యోగం.

ఇంట్లో వాణ్ని బొద్దుగాడు అనేవాళ్లం. నడక రాకముందే, వచ్చిన కూర్చోవడం కూడా మరిచిపోయాడు. పక్కకు అతుక్కుపోయి పడుకునేవాడు.

అమ్మ ముద్ద కలిపి తెచ్చేది. నేను వాణ్ని పక్క మీంచి లేపి ఒళ్లో ఎత్తి పట్టుకుంటే తప్ప వాడి నోటికి అందేది కాదు. ఆ వంకతో నా జడ లాగేవాడు, దొంగవెధవ.

"మెదడులో కొవ్వు పేరుకుంటోందని అనుకున్నామమ్మా. కానీ దాన్ని విరగ్గొట్టే ఎంజైము బాగానే ఉంది. అన్నీ నార్మల్," అన్నాడు డాక్టరు.

అన్నీ బాగుంటే పిల్లాడెందుకు చిక్కిపోతున్నాడు?

నానమ్మ అమ్మ వైపు తిరిగి తేల్చేసింది. "నీ చెయ్యి మంచిది కాదే."

వాడు పోయాక అమ్మ ఇంకెవరికీ తినిపించలేదు. నాకు జ్వరమొచ్చినా కంచం ముందు పెట్టి పక్కకు జరిగేది. నా కూతురు ముద్ద పెట్టమని మారాం చేసినా అంతే.

పోయిన వారం ఒక పళ్లెంలో కణాలకు, మెదడులో పేరుకునే ఆ అసలైన కొవ్వునే అందించాను. అది అలాగే ఉండిపోయింది. ఇంకో పళ్లెంలో కొవ్వుతో పాటు ఒక చిన్న ప్రొటీన్ కూడా కలిపాను. ఈ ఉదయం చూస్తే కొవ్వు దాదాపు మాయం.

సెలవు పెట్టి ఇంటికి పరుగెత్తాను. అమ్మ వంటింట్లో బఠాణీలు ఒలుస్తోంది.

"అమ్మా, బొద్దుగాడి జబ్బేంటో తెలిసింది."

అమ్మ చేతులు ఆగిపోయాయి.

"ఎంజైము నిజంగానే బాగుంది. కానీ ఆ కొవ్వు, కణం లోపలి పొరకు అతుక్కుని ఉంటుంది. దాన్ని పొర మీంచి పైకెత్తి ఎంజైముకు అందించడానికి ఇంకో ప్రొటీన్ కావాలి. వాడికి పుట్టుకతోనే అది లేదు. ల్యాబులో దాచిన వాడి కణాలకు అది కలిపి చూశాను."

"మరి అప్పుడు పరీక్ష చేశారుగా?"

"కొవ్వుకు బదులు నీళ్లలో కరిగేదేదో వేసి చేశారమ్మా. దాన్ని ఎవరూ ఎత్తక్కర్లేదు. అందుకే అన్నీ బాగున్నట్టు కనిపించాయి."

అమ్మ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

"అంటే, పెట్టే చెయ్యి బాగానే ఉంది. వాడి లోపల ఎత్తి పట్టుకోవడానికి నువ్వు లేవు. అంతేనా?"

"అంతేనమ్మా."

"ఇప్పుడు నువ్వు అది కలిపితే వాడి కణాలు తిన్నాయా?"

"శుభ్రంగా తిన్నాయి."

నాకు ఏడుపు ఆగలేదు. అమ్మకు మాత్రం చుక్క నీరు రాలేదు. లేచి వెళ్లి చేతులు కడుక్కుంది. ఎందుకో మళ్లీ కడుక్కుంది. గిన్నె మూత తీసి కంచంలో కలపడం మొదలుపెట్టింది.

అలవాటు తప్పిన వేళ్లు. మొదటి ముద్ద కంచంలోకే జారింది. ఇంకోటి కలిపింది.

కంచం నా ముందు పెట్టి పక్కకు జరుగుతుందనుకున్నాను. జరగలేదు.

"నోరు తెరువే," అంది.